నోటీసు పెట్టినా జనం ఎందుకు చదవరు? కౌంటర్లో కూర్చునేవాళ్ళు ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఒక లైబ్రరీలో ముందు కౌంటర్ దగ్గర పనిచేస్తున్నారు. ప్రింటర్ చెడిపోయిందని, పుస్తకాలు తిరిగిచ్చే చోటు మారిందని, మూసే వేళ మారిందని పెద్ద అక్షరాలతో రాసి అంటించారు. అయినా వచ్చినవాళ్ళు ఆ కాగితం పక్కనే నిలబడి అవే ప్రశ్నలు అడుగుతున్నారు, సాయంత్రం అయ్యేసరికి మీకు ఎవరో ఒకరి మీద అరవాలనిపిస్తోంది. ఇంకా పెద్దగా, ఇంకా గట్టిగా రాయాలా, లేక జనం ఇంతేనని వదిలేయాలా అని అడిగారు.

రెండూ వద్దు. వాళ్ళలో ఎక్కువమంది మీ నోటీసును లెక్కచేయక అడగడం లేదు, అది వాళ్ళ కంటికి ఆనక అడుగుతున్నారు. అక్షరాలు పెంచితే ఇది తగ్గదు. ఉన్న నోటీసుల్లో సగం తీసేయండి, మిగిలినవాటిని గోడ మీంచి తీసి, జనం చేయి వెళ్ళే చోటికి మార్చండి, అసలు నోటీసే అక్కర్లేకుండా చేయగలిగినవి ఏమున్నాయో చూడండి. చూసి కూడా పట్టించుకోనివాళ్ళు ఉంటారు, కాదనను, కానీ వాళ్ళు మీరు అనుకుంటున్నంత మంది కాదు, వాళ్ళకి మందు వేరే. అది తర్వాత చెప్తాను.

నేను చాలా ఏళ్ళు ఒక పెద్ద ఆసుపత్రిలో ఓపీ దగ్గర ఎంక్వైరీ కౌంటర్ చూశాను. తర్వాత అక్కడే బోర్డులు, ఫాంలు, పేషెంట్ల చేతికిచ్చే చీటీలు తయారుచేసే పని నాకు అప్పజెప్పారు. ఆసుపత్రికి వచ్చేవాళ్ళు టెన్షన్‌లో ఉంటారు కాబట్టి మీరు చెప్పే సమస్య అక్కడ ఇంకా గట్టిగా ఉంటుంది. మీ కోపం నాకు బాగా తెలుసు. మనం ఆలోచించి, రాసి, సరిగ్గా అంటించిన దాన్ని మనిషి కనీసం కళ్ళెత్తి చూడకపోతే అది మన పనిని విసిరికొట్టినట్టే ఉంటుంది. ఆ బాధ నిజమైనదే, దాన్ని తక్కువ చేయను.

ముందు, ఎందుకు కనబడదో చెప్తాను. 1999లో డానియెల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం గురించి మీరు వినే ఉంటారు. కొందరు బంతి అందించుకుంటున్న వీడియో చూపించి, తెల్ల చొక్కాలవాళ్ళు ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషంలో ఒక మనిషి నడిచొచ్చి, గుండెలు బాదుకుని వెళ్ళిపోతారు. చూసినవాళ్ళలో దాదాపు సగం మందికి ఆ గొరిల్లా కనబడలేదు. వాళ్ళ కళ్ళు బాగానే ఉన్నాయి, మనసు మాత్రం లెక్క మీద ఉంది. మీ దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా ఏదో ఒక పని మనసులో పెట్టుకునే లోపలికి వస్తారు. ప్రింటర్ కోసం వచ్చిన మనిషి ప్రింటర్ ఆకారాన్ని వెతుక్కుంటూ నడుస్తారు, దారిలో గోడ మీద ఉన్న కాగితం ఆ వెతుకులాటలో లేదు. పైగా ఎదురుగా కౌంటర్లో ఒక మనిషి ముఖం కనబడుతోంది. మనిషి ఉన్నచోట ఎవరూ కాగితాన్ని అడగరు, ఇది నేను రోజూ చూసిన విషయం. అద్దం వెనక ఎవరూ లేనప్పుడు బోర్డు చదివే మనిషే, అక్కడికి ఎవరైనా వచ్చి కూర్చోగానే చదవడం మధ్యలో ఆపేసి కిటికీ దగ్గరికి వచ్చేస్తారు.

ఇంకో చిక్కుంది. కొట్టొచ్చినట్టు కనబడాలని మనం రంగులు వేసి, చుట్టూ గీత గీసి, మూడు ఆశ్చర్యార్థకాలు పెడతాం. 1998లో బెన్‌వే, లేన్ అనే ఇద్దరు పరిశోధకులు వెబ్ పేజీల మీద ఇదే గమనించారు. పేజీలో మిగతావాటికన్నా ప్రస్ఫుటంగా, పెద్ద బ్యానర్ లాగా పెట్టిన లింకునే జనం దాటేసి, మామూలు అక్షరాల్లో ఉన్న చిన్న లింకుల్లో వెతుక్కున్నారు. ప్రకటనలాగా కనబడేదాన్ని వదిలేయడం మన కళ్ళకి అలవాటైపోయింది. గోడ మీద కూడా అంతే. రంగురంగుల లామినేషన్ కాగితం ప్రకటనలాగే ఉంటుంది కాబట్టి దాని మీంచి చూపు జారిపోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. నా లెక్కలో అసలు కారణం మరొకటి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన చుట్టూ ఉన్న బోర్డుల్లో చాలావరకు తప్పు చెప్తాయి. డాక్టరు తొమ్మిదింటికి వస్తారని బోర్డు మీద ఉంటుంది, ఆయన పదకొండింటికి వస్తారు. ఎప్పుడో బాగైన లిఫ్టు మీద "పనిచేయడం లేదు" అన్న కాగితం నెలల తరబడి వేలాడుతుంది. బాణం గుర్తు చూపించిన వైపు వెళ్తే తాళం వేసిన గది వస్తుంది. ఇలా రెండుమూడుసార్లు మోసపోయిన మనిషి బోర్డు చదివినా సరే, మనిషిని అడిగి ఖాయం చేసుకుంటారు. ఓపీలో నా దగ్గరికి వచ్చి "ఎక్స్‌రే గది ఇటేనా అండీ?" అని అడిగినవాళ్ళలో చాలామంది బోర్డు చూసినవాళ్ళే. "ఇటేనా" అన్న మాటలోనే అది తెలిసిపోతుంది. తప్పు వరసలో గంట నిలబడి, చివరికి "ఇది కాదు, అటు వెళ్ళండి" అనిపించుకున్న అనుభవం ఉన్నవాళ్ళు మళ్ళీ ఆ పరిస్థితి రాకూడదని అడుగుతారు. దాన్ని నిర్లక్ష్యం అనకూడదు, అది జాగ్రత్త.

అందుకే నేను బోర్డుల పని తీసుకున్నాక కొత్తవి రాయడం మొదలుపెట్టలేదు, పాతవి పీకడం మొదలుపెట్టాను. ప్రతి కాగితం కింద మూలలో ఏ రోజు పెట్టారు, ఎవరు పెట్టారు, ఎప్పటివరకు ఉండాలి అని చిన్నగా రాయడం నియమం చేశాం. తేదీ దాటిందా, ఎవరైనా సరే చించేయొచ్చు. ఎవరిదో తెలియని కాగితం ఉంటే దాన్నీ తీసేయొచ్చు. గోడలు ఖాళీ అయ్యాక మిగిలిన కొద్ది బోర్డుల్ని జనం చదవడం నా కళ్ళతో చూశాను. మీరూ ఒకసారి బయటినుంచి కొత్త మనిషిలాగా లోపలికి నడిచి రండి, కౌంటర్ చేరేలోపు ఎన్ని కాగితాలు తగులుతున్నాయో చూడండి. చేతిసంచి ఇక్కడ పెట్టండి, నిశ్శబ్దం పాటించండి, ఫోన్ వాడకండి, సభ్యత్వం రెన్యూ చేసుకోండి, పోయిన ఏడాది జరిగిన కార్యక్రమం పోస్టరు... వీటి మధ్యలో మీ ప్రింటర్ కాగితం ఒకటి.

ఇక చదవలేనివాళ్ళ సంగతి. ఇది దయచేసి మనసులో పెట్టుకోండి. "కళ్ళజోడు మర్చిపోయానమ్మా, ఇదేంటో కాస్త చెప్పవా" అని అడిగే పెద్దవాళ్ళలో కొందరు నిజంగానే మర్చిపోయి ఉంటారు, కొందరికి చదవడమే రాదు, ఆ సంగతి నలుగురిలో బయటపడకూడదని కళ్ళజోడు మాట చెప్తారు. ఒకావిడ నెలనెలా వచ్చేవారు, ప్రతిసారీ కాగితం నా వైపు తిప్పి "అక్షరాలు మరీ చిన్నగా వేశారు" అనేవారు. ఒకరోజు కౌంటర్లో ఉన్న కొత్త కుర్రాడు "బోర్డు మీద రాసుంది కదా, చదువుకోండి" అన్నాడు, మాటలో కోపం కూడా లేదు. ఆవిడ చాలాసేపు ఆ బోర్డు కింద నిలబడి, చూస్తున్నట్టు ఉండి, పరీక్ష చేయించుకోకుండానే వెళ్ళిపోయారు. మా వాళ్ళు ఫోన్ చేసి మళ్ళీ పిలిపించాల్సొచ్చింది. ఆ తర్వాత మా కౌంటర్లో "చదవలేదా?", "రాసుంది కదా?" అనే మాటలు పూర్తిగా ఆపేశాం. చదవడం రానివాళ్ళే కాదు, ఆ భాష రానివాళ్ళు, చూపు తగ్గినవాళ్ళు, డిస్లెక్సియా (అక్షరాలు పోల్చుకుని చదవడంలో ఇబ్బంది) ఉన్నవాళ్ళు, ఇప్పుడే చెడు వార్త విని ఒక్క అక్షరం కూడా బుర్రకెక్కని స్థితిలో ఉన్నవాళ్ళు, వీళ్ళెవరూ చూడగానే తెలియరు.

సరే, ఏం చేయాలి?

పారిశ్రామిక భద్రతలో ఒక పద్ధతి ఉంది. ప్రమాదం ఉంటే మొట్టమొదట దాన్ని పూర్తిగా తొలగించగలమా చూడాలి, కాకపోతే తక్కువ ప్రమాదం ఉన్నదాంతో మార్చాలి, అదీ కాకపోతే యంత్రానికే అడ్డుకట్ట పెట్టాలి, ఆ తర్వాతే నియమాలు, శిక్షణ, హెచ్చరిక బోర్డులు, ఆఖరున హెల్మెట్టు, గ్లవ్స్ లాంటివి. చూశారా, బోర్డు అయిదింటిలో నాలుగో మెట్టు. మనుషుల ప్రాణాలు కాపాడే పని చేసేవాళ్ళే బోర్డును అంత బలహీనంగా లెక్కేస్తుంటే, మనం మాత్రం ఏ సమస్య వచ్చినా ముందు కాగితమే అంటిస్తాం.

మైక్రోవేవ్ ఓవెన్ చూడండి. "తలుపు తీసి ఉండగా ఆన్ చేయకండి" అని రాయాల్సిన అవసరం లేదు, తలుపు తీస్తే అదే ఆగిపోతుంది. చాలా ఏటీఎంలలో కార్డు వెనక్కి తీసుకుంటేనే డబ్బు వస్తుంది. డబ్బు ముందు ఇస్తే, పని అయిపోయిందనుకుని కార్డు మర్చిపోయి వెళ్ళిపోతారు. "కార్డు మర్చిపోకండి" అని ఎంత పెద్దగా రాసినా ఆ వరస మార్చినంత పని చేయదు. తలుపుల సంగతీ అంతే. లాగడానికి వీలుగా పిడి పెట్టి, దాని మీద "నెట్టండి" అని రాస్తే వందమందీ లాగుతారు. డిజైన్ మీద చాలా రాసిన డాన్ నార్మన్ పేరుమీదే ఇలాంటివాటిని నార్మన్ డోర్లు అంటున్నారు. చేయి పిడి చెప్పిన మాట వింటుంది, అక్షరం చెప్పిన మాట వినదు.

మా దగ్గర టోకెన్ మెషీన్ ఒక స్తంభం పక్కన ఉండేది. "ముందు టోకెన్ తీసుకోండి" అని కిటికీ మీద రాసి ఉండేది, అయినా అందరూ నేరుగా కిటికీ దగ్గరికే వచ్చేవాళ్ళు. మెషీన్‌ను తలుపుకీ కిటికీకీ మధ్య, నడిచే దారిలోనే పెట్టించాం. కిటికీ మీద కాగితం తీసేశాం. అంతటితో ఆ ప్రశ్న దాదాపు ఆగిపోయింది. లిఫ్టు చెడిపోయినప్పుడు కూడా కాగితం గోడ మీద పెట్టడం మానేసి, సరిగ్గా బటన్ మీద అట్టముక్క అంటించేవాళ్ళం, మెట్లు ఎటున్నాయో దాని మీదే బాణంతో. బటన్ నొక్కాలంటే ఆ అట్టని తాకాల్సిందే, అప్పుడు చదువుతారు. వాడకూడని ఒక తలుపుకి పిడి తీయించి, ముందు బెంచీ వేయించాం. ఒక్క జాగ్రత్త, ఆ తలుపు అగ్నిప్రమాదంలో బయటపడే దారి అయితే ఈ పని ఎప్పుడూ చేయకండి. దాన్ని అడ్డుకోకూడదు, తాళం వేయకూడదు, తెరిస్తే మోగే అలారం పెట్టించుకోండి.

రాయక తప్పని చోట ఎలా రాయాలంటే, ఒక కాగితం మీద ఒక్క విషయం. మొదటి మాటలోనే అసలు సంగతి. "గౌరవనీయులైన సభ్యులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెడితే సంగతి వచ్చేలోపే మనిషి దాటి వెళ్ళిపోతారు. వెబ్ వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 1997లో వెబ్ పేజీలు చదివేవాళ్ళను పరిశీలిస్తే 79 శాతం మంది పైపైన చూసుకుంటూ పోయారు, మాటమాటా చదివినవాళ్ళు 16 శాతమే. గోడ దగ్గర నిలబడే ఓపిక అంతకన్నా ఎక్కువ ఉంటుందనుకోను. దూరం లెక్క కూడా చూసుకోండి. బోర్డులు చేసేవాళ్ళు మామూలుగా పాటించేది, మూడు మీటర్ల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం ఎత్తు రెండున్నర సెంటీమీటర్లు ఉండాలని. తెలుగులో ఒత్తులు అసలు అక్షరం కన్నా చిన్నగా కిందకి పోతాయి, దూరం నుంచి ముందు అవే అలుక్కుపోతాయి, కాబట్టి ఇంకాస్త పెంచుకుని, వరసల మధ్య ఖాళీ వదలండి.

వద్దు అని చెప్పి వదిలేయకండి, ఏం చేయాలో చెప్పండి. "ఇక్కడ పుస్తకాలు పెట్టకండి" అంటే చేతిలో పుస్తకం ఉన్న మనిషికి దారి లేదు. "పుస్తకాలు ఎడమవైపు నీలం పెట్టెలో వేయండి" అంటే ఉంది. కారణం ఒక్క ముక్కలో చెప్పినా బాగా పనిచేస్తుంది. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ బృందం జిరాక్స్ మెషీన్ వరస దగ్గర ఒక ప్రయోగం చేసింది. "అయిదు పేజీలే, ముందు తీసుకోనా" అని ఊరికే అడిగితే 60 శాతం మంది ఒప్పుకున్నారు, తొందరలో ఉన్నానని కారణం చెప్తే 94 శాతం. అయితే ఇరవై పేజీలు అన్నప్పుడు పైపై కారణం ఏమాత్రం పనిచేయలేదు, నిజమైన కారణం చెప్తేనే కొంత మెరుగైంది. జనానికి మీరు కలిగించే ఇబ్బంది పెద్దదైతే కారణం గట్టిగా, నిజంగా ఉండాలి.

ఒక మాట మాత్రం ఎప్పుడూ రాయకండి. "చాలామంది పుస్తకాల్లో పేజీలు చింపుతున్నారు", "ఎంతమందికి చెప్పినా వినడం లేదు" లాంటివి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో రాయిగా మారిన పాత చెట్ల ముక్కల్ని సందర్శకులు ఎత్తుకుపోతుంటే, మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చియాల్దినీ బృందం రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. ఇంతకుముందు వచ్చినవాళ్ళు చాలామంది ఎత్తుకుపోయారని చెప్పిన బోర్డు దగ్గర దొంగతనం దాదాపు 8 శాతం. దయచేసి తీసుకెళ్ళకండి అని మాత్రమే చెప్పిన బోర్డు దగ్గర 2 శాతం లోపే. అందరూ చేస్తున్నారని మనమే చెప్తే, చేయొచ్చన్నమాట అని అర్థం చేసుకుంటారు.

రంగుల విషయంలో ఐఎస్ఓ 7010 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. చేయకూడనిది ఎర్ర వలయంలో అడ్డగీతతో, తప్పక చేయాల్సింది నిండు నీలం వృత్తంలో, ప్రమాదం పసుపు త్రికోణంలో, బయటపడే దారి ఆకుపచ్చలో ఉంటాయి. మూసే వేళ మారిందని ఎర్రరంగులో రాస్తే, రేపు నిజంగా చేయకూడనిది ఏదైనా చెప్పాల్సొచ్చినప్పుడు వాడటానికి ఎరుపు మిగలదు.

చేతికిచ్చే కాగితాల గురించి కొద్దిగా చెప్తాను, మీకూ సభ్యత్వ ఫాంలు ఉంటాయి కదా. రక్తపరీక్షకి ఏమీ తినకుండా రావాలన్న సూచన మా చీటీలో తొమ్మిదో వరసలో ఎక్కడో ఉండేది. సగం మంది తినేసి వచ్చేవాళ్ళు, వాళ్ళని వెనక్కి పంపేవాళ్ళం, వాళ్ళు మా మీద, మేం వాళ్ళ మీద కోప్పడేవాళ్ళం. చీటీ మార్చి, ఆ ఒక్క మాట పైన పెట్టి, "ఈ రాత్రి ____ గంటల తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు" అని టైము పెన్నుతో రాసేలా ఖాళీ వదిలాం. రాసి ఇచ్చాక "రేపు ఎలా వస్తారో ఒకసారి నాకు చెప్పండి" అని వాళ్ళ నోటితో చెప్పించుకునేవాళ్ళం. వైద్యంలో దీన్ని టీచ్ బ్యాక్ అంటారు. అచ్చు అక్షరం కన్నా చేత్తో రాసిన అంకెను మనుషులు నమ్ముతారు, అది తమకోసమే రాసినట్టు ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు చూసి కూడా లెక్కచేయనివాళ్ళు. అంబులెన్స్ వచ్చే ర్యాంప్ మీద కారు ఆపి "రెండు నిమిషాలే" అనేవాళ్ళు. వీళ్ళకి బోర్డు కనబడింది, చదివారు, తమకు వర్తించదనుకున్నారు. వీళ్ళ మీద నాకు కోపం ఉంది, ఉండాలి కూడా, ఎందుకంటే ఆ రెండు నిమిషాలు ఎవరి ప్రాణం మీదికి వస్తాయో వాళ్ళకి తెలియదు. వీళ్ళకి కాగితం భాష దండగ. అడ్డంగా గొలుసు కట్టాలి, లేదా ఒక మనిషిని నిలబెట్టాలి, నియమం మీరితే ఏమవుతుందో అది ప్రతిసారీ, ప్రతి ఒక్కరికీ జరగాలి. ఒకరిని వదిలి ఒకరిని పట్టుకుంటే బోర్డుకి ఉన్న కాస్త విలువా పోతుంది. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి, వీళ్ళ మీది కోపంతో నోటీసు రాయకండి. "ఎన్నిసార్లు చెప్పాలి!" అన్న గొంతుతో రాసిన కాగితం వాళ్ళని తాకదు. తప్పేమీ చేయని మనిషి, మొదటిసారి వచ్చిన మనిషి దాన్ని చదివి ముడుచుకుపోతారు.

మీ సాయంత్రపు చిరాకు గురించి. కౌంటర్లో ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ఏ ప్రశ్న వచ్చినా ఒక గీత. వారం తిరిగేసరికి ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో మీ చేతిలో ఉంటుంది. ఎక్కువ గీతలున్న దాన్నే ముందు సరిచేయండి. పైవాళ్ళని ఏదైనా మార్చమని అడగాలన్నా ఆ పేజీ చూపిస్తే వింటారు, "జనం చదవడం లేదు సార్" అంటే వినరు. సమాధానం చెప్పేటప్పుడు అదే చిన్న వాక్యం, అదే గొంతు, ఒక చేత్తో ఆ వైపు చూపిస్తూ. ఎందుకు అడిగారని మనసులో కూడా విచారణ పెట్టకండి, అలసట ఎక్కువ అక్కడినుంచే వస్తుంది. వీలుంటే గంటలకొద్దీ ఒక్కరే కూర్చోకుండా మార్చుకోండి.

మీ మూడు నోటీసుల సంగతి. ప్రింటర్ కాగితం గోడ మీంచి తీసి, కాగితాలు పెట్టే ట్రే మీదే అడ్డంగా అంటించండి, "పనిచేయడం లేదు" కింద ప్రింట్ ఇంకెక్కడ దొరుకుతుందో రాయండి, బాగైన రోజే తీసేయండి. పుస్తకాలు తిరిగిచ్చే చోటు మారితే బోర్డు కొత్త చోట కాదు, పాత చోట ఉండాలి, రోజూ వచ్చేవాళ్ళ కాళ్ళు అటే వెళ్తాయి. కొన్నాళ్ళు అక్కడ కూడా ఒక పెట్టె ఉంచితే ఇంకా మంచిది. మూసే వేళ బోర్డు వల్ల తెలిసేది కాదు, ఎందుకంటే అది తెలియాల్సింది ఇంట్లో ఉన్నప్పుడు. పుస్తకం ఇచ్చేటప్పుడు గడువు తేదీ వేసే చీటీ మీదే కొత్త వేళ ముద్ర కొట్టండి, మ్యాప్‌లో, వెబ్‌సైట్లో పాత వేళ ఉంటే ఈరోజే మార్పించండి, చాలామంది అక్కడ చూసుకునే బయల్దేరుతున్నారు.